గౌరత్త కుట్టిన విస్తరాకులు

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ సత్యమని మా కులదైవం మీద, నేను తినే అన్నం మీద, కృష్ణగిరిలో నా అంగడి నిండా బోర్లించి ఉన్న అండాల మీద ఒట్టు వేసి చెబుతున్నాను. ఇంత గట్టి ఒట్టు ఎందుకంటే, ఈ పత్రిక చదివే బంధువులలో నా నోటిని ఎరగనివారు లేరు. పెళ్ళిళ్ళకు, పండగలకు పాత్రలు బాడుగకిచ్చే వృత్తి నాది. పాత్రతో పాటు ఒక కథ కూడా పంపిస్తాననీ, తిరిగి వచ్చేసరికి పాత్ర సొట్టపోయి, కథ ఉబ్బి ఉంటుందనీ నా మీద చాలాకాలంగా ఒక అపవాదు ఉంది. ఈ ఒక్కసారికి నమ్మండి. పోయిన మనిషిని గురించి రాస్తున్నాను.

మా మేనత్త గౌరమ్మ గారు పోయిన మార్గశిరంలో, వేప్పనపల్లి పక్కన మా ఊళ్ళో, డెబ్బై ఆరో ఏట దివంగతులయ్యారు. ఆ ఉదయం నేను మత్తూరు పెళ్ళి నుంచి తిరిగొచ్చిన సామాను బండి మీదనుంచి దించుకుంటున్నాను. ఊళ్ళో ఇంటిని చూసుకుంటున్న మా తమ్ముడి భార్య సరస ఫోన్ చేసింది. "బావా, పెద్దత్త పోయింది. పొయ్యి పక్కన గోడకు ఆనుకోని కూర్చున్నట్టే ఉంది" అంది. నా చేతిలోని ఇత్తడి మూత జారి నేల మీద గిరగిరా తిరుగుతూ మోగుతూనే ఉంది. దాన్ని కాలితో ఆపవచ్చన్న జ్ఞానం కూడా నాకు లేకపోయింది.

మేమంతా ఆమెను గౌరత్త అనేవాళ్ళం. ఇరవై రెండేళ్ళకే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చింది. వచ్చిన ఏడాదే మా అవ్వ కన్నుమూసింది. అప్పటికి ఇంట్లో అందరికంటే చిన్నవాడు, మా నారాయణప్ప చిన్నాయన, అయిదేళ్ళవాడు. గౌరత్తకు పిల్లలు లేరు. ఆ అయిదేళ్ళవాడి నోట్లో పెట్టిన మొదటి ముద్దతో ఆమె మాతృత్వమూ, మా ఇంటి వంటగది మీద ఆమె ఆధిపత్యమూ ఒకేరోజు ప్రారంభమయ్యాయి. రెండూ యాభై నాలుగేళ్ళు నిరాఘాటంగా సాగాయి.

ఉగాదికి ఆమె పొయ్యి మీదికెక్కించే రాగి అండా ఎంతటిదంటే, నేను మూడేళ్ళవాడినప్పుడు దానిలో దిగి నిద్రపోతే ఊరివాళ్ళు మధ్యాహ్నం దాకా బావులు గాలించారు. నీళ్ళు పోయడానికి బిందె వంచబోయిన అత్తే నన్ను చెవి పట్టుకుని పైకి తీసింది. ఆమె ఒబ్బట్టు చారుకు పోపు వేస్తే ఆ ఘుమఘుమ కొండ దాటి కుప్పం దాకా పోయేది. ఒక ఏడు అక్కడి స్టేషన్లో ఆగిన రైలు గార్డు పచ్చజెండా చేత్తో పట్టుకుని, ఊపడం మరచి, గాలి వచ్చిన దిక్కుకు ముఖం పెట్టి నిలబడిపోయాడు. రైలు పావుగంట ఆలస్యమైంది. ఇక ఉప్పు సంగతి. చారు రుచి చూసి ఉప్పు చెప్పేవాళ్ళను మీరు చూసి ఉంటారు. గౌరత్త అది ఉడికే చప్పుడు విని చెప్పేది. "ఉప్పు తక్కువైతే చారు ఊరికే వదరతా ఉంటాదప్పా. సరిపోయిందంటే గమ్మున గురక పెడతాది" అనేది. నేను చెవి ఒగ్గి విన్నాను. నిజమే, గురక పెట్టింది.

హోసూరులో పేరుమోసిన వంటమేస్త్రి ఒకాయన నా దగ్గర అండాలు తీసుకుపోయేవాడు. ఈ చారు సంగతి నా ద్వారా విని, కొలతలు రాసుకోవడానికి నోటుబుక్కు పట్టుకుని ఒకసారి మా ఊరికే వచ్చాడు. ఒబ్బట్ల కోసం పప్పుబేడలు ఉడికించి వార్చిన కట్టు ఎంత, చింతపండు ఎంత, బెల్లం ఎంత అని వరసగా అడిగాడు. అత్త ఆయనకు ముందు అన్నం పెట్టింది. తిన్నాక, కొలత తనకు తెలియదని చెప్పింది. ఆయన నమ్మలేదు, దాచిపెడుతున్నదనుకున్నాడు. అప్పుడు ఆమె అన్న మాట ఒక్కటే ఆయన నోటుబుక్కులోకి ఎక్కింది: "తినేదెవరో చెప్పప్పా, కొలత అప్పుడు చెప్తాను." ఆమె పాకశాస్త్రం సమస్తమూ ఆ వాక్యంలోనే ఇమిడి ఉంది. నా అండాలు ఎందరో చేయితిరిగిన వంటవాళ్ళను చూశాయి. తినేవాడి ముఖాన్ని కళ్ళముందు పెట్టుకుని చింతపండు పిసికిన మనిషిని ఆమెనొక్కదాన్నే చూశాయి.

అయితే బంధువులు గౌరత్తను తలచుకునేది చారుకంటే ఎక్కువగా ఆకుల వల్ల. బయటివారి కోసం ఆ వాడుకను కొంచెం వివరించాలి. ఉగాది మరునాడు మా వైపు వర్షతొడకు అని చేస్తాం. ముందురోజు ఒబ్బట్లు, పచ్చడి అయిపోయాక, ఆ మరునాడు మాంసం వండుకుని, మిగిలిన ఒబ్బట్టు చారును మళ్ళీ కాచుకుని, వంశమంతా ఒక బంతిలో కూర్చుని తినే పండగ అది. ఆ రోజు ఏది జరిగితే ఏడాదంతా అదే జరుగుతుందని నమ్మకం. నవ్వితే నవ్వు, ఏడిస్తే ఏడుపు. అందుకని ఆ పూట మా ఇళ్ళలో పిల్లల్ని కొట్టరు, ముసలివాళ్ళు దగ్గు కూడా ఆపుకుంటారు.

ఆ బంతికి విస్తరాకులు అంగట్లో కొనకూడదన్నది గౌరత్త నియమం. ఉగాదినాటికి మోదుగ చెట్టుకు పూలే తప్ప ఆకు ఉండదు. కనుక ఆమె కార్తీకంలోనే ఆకులు కోయించి, ఆరబెట్టి, రాతి కింద అణిచి ఉంచేది. ఉగాది మధ్యాహ్నం వాటిని నీళ్ళు చిలకరించి మెత్తబరచి మాకు పంచేది. ఇంట్లోవాళ్ళందరూ తలా ఒక విస్తరాకు, ఈనెపుల్లలతో తామే కుట్టాలి. ఎవరి కోసమంటే, గడిచిన ఏడాదిలో మనకు మేలు చేసిన వాళ్ళ కోసం. ఎవరి కోసం కుడుతున్నదీ పైకి చెప్పకూడదు. మరునాడు బంతిలో అందరూ కూర్చున్నాక లేచి, మన ఆకును ఆ మనిషి ముందు పరచి రావాలి. అంతే. థాంక్సూ లేదు, దండమూ లేదు. "నోటితో చెప్తే చెప్పినోనికి సుఖం. ఆకు పరిస్తే తినేవానికి సుఖం" అనేది అత్త. కొందరికి మూడేసి ఆకులు పడేవి, ఒకదాని మీద ఒకటి పెట్టుకుని తినేవారు. ఎవరికైనా పడకపోతే పక్కవాళ్ళు తమ కుప్పలోంచి ఒకటి గమ్మున వాళ్ళ ముందుకు జరిపేవారు. మా నాయనకు ఒక ఏడు తొమ్మిది పడ్డాయి. గోపురం మీద కూర్చున్నట్టు తిన్నాడు.

ఎనిమిదేళ్ళ కిందట ఆ బంతిలో ఒక తప్పు జరిగింది. అలాంటి తప్పు మా ఇంట్లో తప్ప లోకంలో ఇంకెక్కడా జరగడానికి వీలులేదు.

నారాయణప్ప చిన్నాయనకు హోసూరులో బోరు మోటార్లు రిపేరు చేసే అంగడి ఉంది. ఆ ఏడు నీళ్ళు అడుగంటి, మా అందరి మోటార్లూ ఒకదాని వెనక ఒకటి కాలిపోయాయి. ఆయన ప్రతి ఆదివారం బైకు మీద వచ్చి, ఒక్కొక్కరి మోటారూ పైకి లాగించి, తీగ చుట్టి, మళ్ళీ దించి పోయేవాడు. అంతకు రెండేళ్ళ ముందు మా నాయన చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చున్నదీ చిన్నాయనే. ఆ ఏడు మేలు చేసినవాడు ఎవరని అడిగితే వంశం మొత్తం ఒకే పేరు చెప్పేది. సరిగ్గా అందువల్లనే ప్రతి ఒక్కరం ఒకే విధంగా ఆలోచించాం. ఆయనకు ఎట్లాగూ ఇరవై ఆకులు పడతాయి, మన ఆకు ఆ కుప్పలో ఎవరికి కనిపిస్తుంది, పాపం ఇంకెవరికైనా వేద్దాం అనుకున్నాం. ఎవరి కోసమో పైకి చెప్పకూడదు గనుక ఒకరి సంగతి ఒకరికి తెలియదు. గౌరత్త కూడా అట్లాగే అనుకుంది. ఆమెకు కంటి ఆపరేషన్ అయినప్పుడు పదిరోజులు పక్కన కూర్చుని కథలు చెప్పానని, తన ఆకు తెచ్చి నా ముందు పరిచింది.

అందరి ముందూ ఆకులున్నాయి. చిన్నాయన ముందు నేల ఉంది. ఆయన మఠం వేసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఇంకా ఎవరైనా లేస్తారేమో అన్నట్టు చూస్తున్నాడు. అప్పటికైనా నా ముందున్న ఆకుల్లో ఒకటి తీసి ఆయన ముందుకు జరిపి ఉండవలసింది. అది చేయలేదు. నా నోరు ఊరుకోలేదు. "చిన్నాయనకు ఆకెందుకు? మోటారు మూతలో వడ్డించండి" అన్నాను. బంతి బంతంతా నవ్వింది. గౌరత్త కూడా నవ్వింది. ఆమెకు ఇంకా చూపు సరిగా ఆనేది కాదు. తమ్ముడి ముందు ఆకు లేదన్న సంగతి ఆమె చూడలేదు. నా మాట మాత్రమే వింది.

చిన్నాయన లేచాడు. "నీ చేత్తో గూడా నాకొక ఆకు రాలేదా అక్కా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. బైకు చప్పుడు దూరమయ్యేదాకా ఎవరికీ ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్త చేతిలోని గరిటెను అండాలోకి జారవిడిచి అక్కడే కూలబడింది. వర్షతొడకునాడు ఆకలితో లేచిపోయినవాడు ఏడాదంతా ఆకలితోనే ఉంటాడని ఆమె గాఢంగా నమ్మింది. ఆ రోజు నుంచి ఆమె బతుకులో మిగిలిన కోరిక ఒక్కటే. ఆ తమ్ముడు మళ్ళీ తన ముందు కూర్చుని ఒక ముద్ద తినాలి.

మరుసటి ఏడు ఆమె తన ఆకు ఆయనకే కుట్టింది. దాన్ని చుట్టి, క్యారియర్ నిండా ఒబ్బట్లు, చారు, మాంసం సర్ది, నా చేతికిచ్చింది. "నోరు జారింది నువ్వు. నువ్వే తీసుకోనిపో" అంది. హోసూరుకు పోయి వచ్చాను. చిన్నాయన అంగట్లోనే ఆకు పరచుకుని తిన్నాడని చెప్పాను. ఏమన్నాడని అడిగింది. "ఆకు బాగా కుట్టినాది, అక్కకు కన్ను నయమైనట్టుంది అన్నాడు" అన్నాను. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఖాళీ క్యారియర్ తీసుకుని లోపలికి పోయింది.

అట్లా ఏడేళ్ళు ఆకు పోయింది, మాట తిరిగొచ్చింది. రెండో ఏడు చారులో పులుపు చాలలేదన్నాడు. అత్త మరుసటి ఉగాదికి చింతపండు పెంచింది. మిరియాల ఘాటు ఎక్కువైందన్నాడు, తగ్గించింది. పులుపు ఇంకొంచెం ఉంటే బాగుండునన్నాడు, చింతపండు చాలదని మామిడికాయ ముక్కలు కూడా వేసింది. మా ఇంటి చారు ఏటికేడాది రంగు మారింది. మా తమ్ముడు ఒకనాడు విసుక్కుని, "ఆయప్ప రాడు. ఆయప్ప నాలుక మాత్రం మన ఇంట్లో కూర్చోని ఉంది" అన్నాడు. గౌరత్త నవ్వి, "నాలుక వచ్చిందంటే వెనకాలే మనిషి గూడా వస్తాడప్పా" అంది.

తానే ఒకసారి హోసూరుకు పోయి పిలుస్తానని ఆమె చాలాసార్లు లేచింది. ఫోనైనా చేసిపెట్టమని సరసను అడిగింది. మాటలు వద్దు, కొన్నాళ్ళు తిండి చాలని చిన్నాయన అన్నాడని నేను చెప్పాను. తొందరపడితే మళ్ళీ బిగుసుకుపోతాడేమోనని ఆమె ఆగింది. పెళ్ళిళ్ళలో ఎదురైనా ఆయన దగ్గర ఆ సంగతి ఎత్తడానికి మాలో ఎవరికీ ధైర్యం లేదు. ఎత్తబోతే చాలు, అక్కడినుంచి లేచిపోయేవాడు.

పోయిన ఉగాదికి నేను తెచ్చిన మాట అన్నింటికంటే పెద్దది. వచ్చే వర్షతొడకుకు వస్తానన్నాడు. ఆ మాటతో గౌరత్త పదేళ్ళు చిన్నదయింది. మోకాళ్ళు పట్టేసినా కార్తీకంలో తానే తోటలోకి నడిచి, నిలబడి ఆకులు కోయించింది. ఈసారి రెండింతలు కోయించింది. చనిపోవడానికి రెండు రోజుల ముందు నేను చూడబోతే, ఆయన ఏ బస్సుకు వస్తాడని అడిగింది. బైకు మీద వచ్చే మనిషని కూడా మరచిపోయింది. "పొద్దుటి బస్సుకు" అన్నాను. "అట్లయితే సంగటికి నీళ్ళు ముందే పెట్టల్ల" అంది.

అంత్యక్రియలకు చిన్నాయన వచ్చాడు. కట్టెకు నిప్పు పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా, పచ్చినీళ్ళు ముట్టకుండా వెళ్ళాడు. దినానికి మళ్ళీ వచ్చాడు. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, వారి పేర ఒక ఆకులో ఎడ పెట్టి, తర్వాత బంధువులు తినడం మా ఆచారం. సరస, అత్త పక్కన నిలబడి నేర్చుకున్న విధంగానే ఒబ్బట్టు చారు కాచింది. బంతిలో చిన్నాయన కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "మా అక్క చేతి చారే" అన్నాడు. రెండోసారి అడిగి పోయించుకుని, ఆకు ఖాళీ చేసి, దాన్ని మడిచి కళ్ళకద్దుకున్నాడు. బంతిలో ఏడవనివాళ్ళు లేరు. ఆమె కోరిక, ఆమె లేని వేళనైనా, నెరవేరింది.

ఆ మహాతల్లి నిష్క్రమణతో మా వంశానికి మధ్యలో కట్టిన ముడి ఊడిపోయింది. సూతకం కనుక వచ్చే ఉగాది మాకు లేదు. ఆ తర్వాతి ఉగాదికి ఎవరు పిలుస్తారో, పిలిస్తే ఎవరు వస్తారో నాకు తెలియదు. వస్తారని అనుకోవడం లేదు. సరసకు ఓపిక లేదు. పిల్లలకు ఈనె పట్టడం రాదు. రాతి కింద అణిగి ఉన్న ఆకులు ఇప్పటికే పురుగు పట్టాయి. గౌరత్తా, నీ పాదాలకు నమస్కారం. నీలాగా ఇంకొకరు మాకు దొరుకుతారని బంధువులకు ఓదార్పు చెప్పేంత అబద్ధం నా చేత కూడా కాదు.

వ్యాసం ఇక్కడ ఆపాలనే కూర్చున్నాను. కాని మొదట్లో వేసిన ఒట్టు ఒకటి ఉంది. ఇందులో నేను కల్పించినది ఏదో చెప్పి ముగిస్తాను. అండాలో నిద్రపోవడం నిజం. రైలు ఆలస్యమైన మాటా నిజమే, కారణం దగ్గర మాత్రం నేను కొంచెం సాయం చేశాను. అసలు కల్పన మీరు అనుమానించినవాటిలో లేదు. మీరు అనుమానించని చోట ఉంది. ఆ వర్షతొడకునాడు బైకెక్కి వెళ్ళిపోయిన తర్వాత చిన్నాయన అన్నట్టు పైన రాసిన మాటల్లో ఒక్కటి కూడా ఆయనది కాదు.

మొదటి ఏడు క్యారియర్ పట్టుకుని హోసూరు బస్టాండులో దిగాను. ఆయన అంగడి ఉన్న వీధి మొగదాకా పోయాను. ఆయన బల్ల మీద ఒక మోటారు విప్పి పెట్టుకుని ఉన్నాడు. దాని మూత పక్కనే ఉంది. నా మాట నాకే వినిపించింది. వెనక్కి వచ్చి బస్టాండులో బెంచీ మీద కూర్చుని, ఆయన ఆకు పరచి, నేనే తిన్నాను. ఒకసారి తప్పించుకున్నవాడికి రెండోసారి ఇంకా కష్టం. ఏడేళ్ళూ అక్కడే తిన్నాను. పులుపు చాలలేదన్నది నా నాలుక. మిరియాలు ఓర్వలేనిది నా కడుపు. తినేవాడి ముఖం చూసి వండే ఆ మనిషి చేత, లేని ముఖాన్ని చూపించి వండించాను. తమ్ముడు తింటున్నాడు కదా అన్న ధైర్యంతో ఆమె ఆయన గడప తొక్కలేదు. ఆయన మాత్రం అక్క ఒక్కసారి వస్తుందేమోనని చూస్తూ ఉండిపోయాడు. ఆ సంగతి నాకు దినం రోజున, ఆయన అడిగిన ఒక్క ప్రశ్నతో తెలిసింది.

ఆ రోజు జరిగినది ఇది. చిన్నాయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "ఏమ్మా, ఇంత పులుపుంది? మా అక్క ఇంత పులుపు వెయ్యదే" అన్నాడు.

వడ్డిస్తున్న సరస తెల్లబోయింది. "అదేంది చిన్నమామా. నువ్వే గదా పులుపు చాల్లేదని ఏటేటా చెప్పి పంపించేది. నీకోసరమే గదా పెద్దత్త మామిడికాయ గూడా వేసింది" అంది.

ఆయన సరసను చూశాడు. తర్వాత ఎదురు బంతిలో కూర్చున్న నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. అంతటితో ఆయనకు విషయం తెలిసిపోయింది. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఆకు గూడా పంపించేదా?" అని అడిగాడు.

దానికి చెప్పడానికి నాకు ఏ కథా తోచలేదు. "పంపించింది చిన్నాయనా. ఏడు ఆకులు" అన్నాను.

ఆయన ముద్దను తిరిగి ఆకులో పెట్టాడు. తినలేదు, లేవనూ లేదు. మేమంతా లేచి చేతులు కడుక్కుని వచ్చినా, సరస చుట్టూ ఆకులన్నీ ఎత్తేసినా, చారు కలిపిన చేయి ఎండిపోతున్నా, ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు.